టీవీలో దయ్యం... ఊళ్లో భయం

మా మండలంలో చెరువు కింద ఒక పల్లె ఉంది. ఆ పల్లెలో మజ్జిగ అమ్ముకొని బతికే ఒక అవ్వ ఉంది. రెండు నెలల క్రితం వరకు తెల్లవారేసరికి ఆమె గుమ్మం ముందు చెంబులతో పిల్లలు నిలబడేవారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. మజ్జిగ పులిసిందని కాదు, నీళ్లు కలిపిందని కాదు. ఊరి చివర పాడుబడిన హాస్టలు భవనం పక్కన ఆమె ఇల్లు ఉండడమే ఆమె చేసిన నేరం.

ఆ భవనంలో దయ్యం ఉన్నదని ఒక వీడియో బయలుదేరింది. దయ్యం ఉంటే దానిని లేపినవారు కూడా ఒకరు ఉండాలి కదా అని గుసగుస బయలుదేరింది. ఆ గుసగుస వీధి వీధి తిరిగి, చివరకు ఒంటరిగా ఉండే ఈ అవ్వ గుమ్మం దగ్గర ఆగింది.

వీడియో తీసినవారు అదే ఊరి కుర్రాళ్లు ఇద్దరు. చెడ్డవారు కారు. టీవీలోను, ఫోనులోను వచ్చే దయ్యాల వేట కార్యక్రమాలు చూసి, ఆన్‌లైన్‌లో ఒక మీటరు తెప్పించుకొని, రాత్రిపూట హాస్టలులోకి వెళ్లి వచ్చారు. వీడియోలో మూడు సాక్ష్యాలు చూపారు. ఒకటి, మీటరులో ఎర్ర దీపాలు వెలగడం. రెండు, చీకట్లో తెల్లని బంతులు తేలడం. మూడు, "వెళ్లిపో" అని ఒక గొంతు వినిపించడం.

దయ్యాలు ఉన్నాయా లేవా అనే తగవు తీర్చడం ఈ విలేకరి తరం కాదు. అది అరుగుల మీద తరాలుగా నడుస్తున్న తగవు. నేను అడిగేది చిన్న ప్రశ్న. టీవీలో సాక్ష్యం అని చూపేది నిజంగా సాక్ష్యమేనా? కోర్టులో నిలబడని మాట మీద ఒక ముసలమ్మకు ఊరు శిక్ష వేయడం న్యాయమేనా?

వేట ఎక్కడ మొదలైంది?

ఈ తరహా కార్యక్రమాలు మన దేశంలో పుట్టినవి కావు. బ్రిటన్‌లో 2002లో 'మోస్ట్ హాంటెడ్' అనే కార్యక్రమం మొదలైంది. అమెరికాలో 2004లో 'ఘోస్ట్ హంటర్స్' వచ్చింది. ఆ అమెరికా కార్యక్రమంలో ముఖ్యులైన ఇద్దరు పగలు ప్లంబర్లు, రాత్రి దయ్యాల వేటగాళ్లు. గొట్టాల పని చేసేవారికి దయ్యాల సంగతి తెలియదని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. నేను చదివింది ఇంటర్మీడియెట్టే. కాని గొట్టం కారుతున్నదంటే ప్లంబరు ముందు ఏం చేస్తాడు? నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో వెదుకుతాడు. దయ్యాల వేటలో ఆ వెదుకులాటకు దొరికే సమయం తక్కువ. రాత్రంతా తీసిన దృశ్యాలను కత్తిరించి గంటలోపు కార్యక్రమం చేస్తారు. ఏమీ జరగని గంటలు పోతాయి. ఉలికిపడిన క్షణాలు మిగులుతాయి. వాటికి సంగీతం తోడవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన లోపం మరొకటి ఉంది. దయ్యం ఉందన్న ఇంట్లో మీటరు పెడతారు. దయ్యం లేదని అందరూ ఒప్పుకునే ఇంట్లో అదే మీటరు పెట్టి చూపరు. ఎరువు పని చేసిందో లేదో తెలియాలంటే రైతు ఏం చేస్తాడు? ఒక మడికి వేసి, పక్క మడికి వేయకుండా వదిలి, రెండూ పోల్చి చూస్తాడు. ఈ పాటి పోలిక కూడా లేనిదానిని పరిశోధన అనడం విడ్డూరం.

హాస్టలులో ఒక రాత్రి

ఆ పోలిక మనమే ఎందుకు చేయకూడదని అనిపించింది. ఆ కుర్రాళ్లిద్దరినీ, ఊరి ఎలక్ట్రీషియన్‌ను, రిటైరైన ఒక మాస్టారిని వెంటబెట్టుకొని ఒక రాత్రి హాస్టలుకు వెళ్లాను. నాకు భయం వేయలేదని చెబితే అబద్ధమవుతుంది. గబ్బిలం ఒకటి చెవి పక్కగా పోయినప్పుడు అందరికన్నా ముందు వెనక్కు దూకింది ఈ విలేకరే.

మొదట మీటరు. కరెంటు తీగల చుట్టూ, మోటార్ల చుట్టూ, సెల్‌ఫోన్ల చుట్టూ విద్యుత్, అయస్కాంత ప్రభావం ఉంటుంది. దానిని పసిగట్టడమే ఈ మీటరు పని. దయ్యానికి అలాంటి ప్రభావం ఉంటుందని ఎవరూ ఎక్కడా రుజువు చేయలేదు. మేము వెళ్లిన అరగంటదాకా మీటరు మౌనంగా ఉంది. తర్వాత ఒక్కసారిగా ఎర్రగా వెలిగింది. కుర్రాళ్లు నా చెయ్యి పట్టుకున్నారు. ఎలక్ట్రీషియన్ మాత్రం గోడ అవతలకు పోయి తొంగి చూశాడు. అక్కడ ఒక రైతు బోరు మోటారు ఉంది. దానికి ఆటో స్టార్టరు ఉంది. త్రీ ఫేజు కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. దాని తీగ హాస్టలు గోడను ఆనుకొని పోతోంది. రైతును పిలిపించి మోటారు ఆపించాము. దీపాలు ఆరిపోయాయి. మళ్లీ వేయించాము. వెలిగాయి. నాలుగుసార్లు చేసి చూశాము. నాలుగుసార్లూ దయ్యం స్టార్టరు మాట విన్నది!

తర్వాత బంతులు. కెమెరా దీపం లెన్సుకు దగ్గరగా ఉన్నప్పుడు, లెన్సు ముందు తేలే దుమ్ము కణం మీద, చిన్న పురుగు మీద వెలుగు పడి తిరిగి కెమెరాలోకే వస్తుంది. అంత దగ్గర వస్తువు స్పష్టంగా పడదు. మసకగా, గుండ్రంగా, పెద్దగా కనిపిస్తుంది. చిన్న డిజిటల్ కెమెరాలు వచ్చాక ఈ బంతుల బొమ్మలు ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఫోటో తీసేవారికి ఇది కొత్త సంగతి కాదు. మరుసటి రాత్రి మా ఇంటి వాకిట్లో చీపురుతో నాలుగుసార్లు ఊడ్చి, అదే ఫోనుతో వీడియో తీశాను. హాస్టలులో కన్నా ఎక్కువ బంతులు పడ్డాయి. మా ఇంట్లో అంత దయ్యాలున్నాయని మా ఆవిడ ఇంతవరకు చెప్పలేదు.

టీవీ కార్యక్రమాలలో చలి సాక్ష్యం కూడా ఒకటి చూపుతారు. తుపాకీలాంటి థర్మామీటరు గాలిలోకి గురిపెట్టి, గది మధ్యలో చలి పుట్టింది, దయ్యం వచ్చింది అంటారు. ఆ పరికరం 2020లో కరోనా రోజుల్లో మనందరి నుదుటికీ గురిపెట్టినదే. అది గాలి వేడిని కొలవదు. ఎదురుగా ఉన్న గోడదో, నుదుటిదో, ఆ పైభాగం వేడిని కొలుస్తుంది. గురి కొంచెం జరిగి చల్లని గాజు మీదనో, తడి గోడ మీదనో పడితే అంకె పడిపోతుంది.

గొంతు ఎవరిది?

అందరినీ ఎక్కువగా భయపెట్టింది గొంతు. టేపులో చనిపోయినవారి గొంతులు వినిపిస్తాయన్న మాట కూడా బయటి నుంచి వచ్చినదే. 1959లో స్వీడన్‌లో ఫ్రెడరిక్ యూర్గెన్‌సన్ అనే ఆయన పిట్టల కూతలు రికార్డు చేస్తూ, అందులో మనుషుల గొంతులు విన్నానన్నాడు. ఆ తర్వాత కాన్‌స్టాంటిన్ రౌడివ్ అనే లాట్వియా దేశీయుడు అలాంటి శబ్దాలను వేలకొద్దీ పోగు చేశాడు. ఇప్పుడు టీవీలో చూపే 'స్పిరిట్ బాక్స్' అయితే, ఒక స్టేషను నుంచి మరొక స్టేషనుకు ఆగకుండా తిరిగే రేడియో. పాట ముక్క, ప్రకటన ముక్క, వార్త ముక్క వరుసగా వస్తుంటే అందులో మాట వినిపించకపోతేనే ఆశ్చర్యపడాలి.

మన చెవి సంగతి మనకు తెలియనిది కాదు. రైలు చప్పుడులో మనం అనుకున్న మాటే వినిపిస్తుంది. పిండిమిల్లు హోరులో ఎవరో పేరు పెట్టి పిలిచినట్లుంటుంది. అర్థంలేని శబ్దంలో అర్థం వెదుక్కోవడం మనిషి మెదడుకు అలవాటు. దానికి తోడు టీవీవారు తెర కింద అక్షరాలు వేస్తారు. ముందు చదివించి తర్వాత వినిపిస్తే, చదివిందే వినిపిస్తుంది.

ఇది కూడా పరీక్షించాను. కుర్రాళ్ల వీడియోలోని ఆ శబ్దాన్ని అక్షరాలు కనిపించకుండా, టీ అంగడి దగ్గర ఆరుగురికి వేర్వేరుగా వినిపించాను. ఒకరు "ఎల్లయ్యో" అన్నారు. ఒకరు "నీళ్లు పో" అన్నారు. ఒకరు కుక్క మూలిగిందన్నారు. ఇద్దరు ఏమీ అర్థం కాలేదన్నారు. ఒకరు మాత్రం "వెళ్లిపో" అన్నారు. ఆయన వీడియో ఇదివరకే చూసినవాడు. తర్వాత అక్షరాలతో సహా చూపించాను. ఆరుగురూ ముక్తకంఠంతో "వెళ్లిపో" అన్నారు.

అయితే ఆ శబ్దం దేనిదని మాస్టారిని అడిగారు. "కిటికీ రెక్క కావచ్చు, గుడ్లగూబ కావచ్చు. తెలియనప్పుడు తెలియదనాలి గాని, తెలియదు కాబట్టి దయ్యం అనకూడదు నాయనా" అన్నారు ఆయన. నేను ఇంత రాసినా, చెప్పవలసిందంతా ఆయన ఒక్క మాటలోనే చెప్పారు.

దొరికిపోయిన సంగతి

టీవీ దయ్యాల వేటలో బయటపడిన ఒక ఉదంతం పాఠకులు తెలుసుకోవాలి. 'మోస్ట్ హాంటెడ్'లో డెరెక్ అకోరా అనే ఆయన ఆత్మలతో మాట్లాడతానని చెప్పేవాడు. అదే కార్యక్రమంలో కియరన్ ఓకీఫ్ అనే మనస్తత్వ పరిశోధకుడు కూడా ఉండేవాడు. అకోరాకు ముందే సమాచారం అందుతున్నదేమోనని ఓకీఫ్‌కు అనుమానం కలిగింది. బాడ్మిన్ అనే చోట పాత జైలులో చిత్రీకరణకు వెళ్లినప్పుడు, అసలు పుట్టని ఒక జైలరును కల్పించి 'క్రీడ్ కాఫర్' అని పేరు పెట్టి, ఆ సంగతి అకోరా చెవిన పడేటట్లు చేశాడు. కెమెరా ముందు ఆ లేని జైలరు ఆత్మ అకోరాను ఆవహించింది! ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను అటూ ఇటూ మారిస్తే 'డెరెక్ ఫేకర్', అంటే దొంగ డెరెక్ అని వస్తుంది. ఈ సంగతి 2005లో ఓకీఫ్ పత్రికకెక్కించాడు. అకోరా ఆరోపణను ఒప్పుకోలేదు. అదే సంవత్సరం ఆయన ఆ కార్యక్రమం నుంచి తప్పుకున్నాడు.

అదే 2005లో బ్రిటన్ ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఫిర్యాదులు విచారించి, అది వినోద కార్యక్రమమే గాని నిజమైన పరిశోధన కాదన్న అభిప్రాయానికి వచ్చింది. అంటే ఆ దేశపు సంస్థే దానిని నాటకం కింద లెక్కవేసింది. మనం మాత్రం ఇక్కడ దానిని పాఠం కింద నేర్చుకుంటున్నాము.

మన దేశంలోనూ ఇటువంటి వక్రభాష్యాలు లేకపోలేదు. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోటలో సూర్యాస్తమయం తర్వాత ఎవరూ ఉండరాదని పురావస్తు శాఖ బోర్డు పెట్టింది. దయ్యాలున్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నదని వీడియోలలో ఆ బోర్డునే చూపుతారు. ఆ శాఖ కాపాడే పాత కట్టడాలు చాలావాటిలో చీకటిపడ్డాక ప్రవేశం ఉండదు. ఆ లెక్కన మన మండల ఆఫీసుకు సాయంత్రం తాళం వేయడం కూడా దయ్యాల భయంతోనే అనవలసి వస్తుంది.

వెదికినవారికి దొరికింది

మరి జనం చూసిందంతా అబద్ధమేనా అని అడగవచ్చు. కాదు. చూసినవారు చాలామంది నిజాయితీపరులే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్లు, లేవబోతే ఒళ్లు కదలనట్లు నిద్రలో అనుభవమైన వారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మెదడు మేలుకొని, ఒళ్లు ఇంకా నిద్ర బిగువులోనే ఉన్నప్పుడు ఇలా జరుగుతుందని వైద్యులు చెబుతారు. అనుభవం నిజం. దానికి మనం పెట్టిన పేరు వేరు సంగతి.

బ్రిటన్‌లో విక్ టాండీ అనే ఇంజనీరు తాను పనిచేసే ప్రయోగశాలలో ఒక రాత్రి ఒళ్లు జలదరించి, కంటికొసన బూడిదరంగు ఆకారాన్ని చూశాడు. మర్నాడు బిగించి పెట్టిన కత్తి రేకు దానంతటదే వణకడం గమనించాడు. వేరొకరైతే పారిపోయేవారు. ఆయన వెదికాడు. కొత్తగా పెట్టిన గాలి పంకా చెవికి అందని సన్నని అదురు పుట్టిస్తున్నది. సెకనుకు సుమారు 19 సార్లు. దానిని సరిచేయగానే ఆ ఇబ్బంది పోయింది. 1998లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. ప్రతి దయ్యానికీ పంకాయే కారణమని కాదు. వెదికితే ఏదో ఒక దారి కనబడుతుందని.

వెదకడం ఒక్కోసారి ప్రాణాలు నిలుపుతుంది కూడా. 1921లో విలియం విల్మర్ అనే అమెరికా వైద్యుడు ఒక కుటుంబం కథ వైద్య పత్రికలో రాశాడు. పాత ఇంట్లోకి మారిన ఆ కుటుంబానికి అడుగుల చప్పుళ్లు, ఆకారాలు, తలనొప్పులు. తీరా చూస్తే ఇల్లు వెచ్చబరిచే కొలిమి చెడిపోయి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి వస్తున్నది. కొలిమి బాగుచేయించాక దయ్యాలు పోయాయి. భూతవైద్యుడిని పిలిచి ఊరుకొని ఉంటే ఆ ఇంటిల్లిపాదీ ఏమయ్యేవారు? చలికాలంలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకునేవారు ఈ కథ గుర్తుంచుకోవాలి.

రుజువు చూపినవారికి బహుమతులు కూడా ప్రకటించారు. కేరళలో పుట్టి శ్రీలంకలో పంతులుగా పనిచేసిన అబ్రహాం కోవూర్ 1963లో లక్ష రూపాయల పందెం పెట్టారు. మోసానికి తావులేని పరిస్థితుల్లో ఏదైనా అద్భుతం చేసి చూపితే చాలు. ఆయన 1978లో కన్నుమూసేవరకు ఎవరూ గెలవలేదు. అమెరికాలో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ పెట్టిన పందెం పది లక్షల డాలర్ల వరకు పెరిగింది. 2015లో దానిని ముగించేవరకు ఎవరికీ దక్కలేదు.

వినోదమే కదా అంటే...

"చూస్తే ఏం పోయింది, సరదాకే కదా" అనేవారికి ఒక మాట. 1992 అక్టోబరు 31 రాత్రి బ్రిటన్‌లో బీబీసీ 'ఘోస్ట్‌వాచ్' అనే నాటకాన్ని ప్రత్యక్ష ప్రసారంలాగా చూపింది. నిజమైన వ్యాఖ్యాతలు కనిపించేసరికి చాలామంది నిజమే అనుకున్నారు. దానిని చూసి భయంతో మానసిక వ్యాధికి గురైన పదేళ్ల పిల్లలిద్దరి గురించి 1994లో అక్కడి వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. చదువుకున్న దేశంలోనే అలా జరిగితే మన పిల్లల మాటేమిటి?

అక్కడ పిల్లలు భయపడ్డారు. ఇక్కడ అంతటితో ఆగదు. 'ఓ స్త్రీ రేపు రా' అని తలుపుల మీద రాసుకున్న ఊళ్లు మనవి. అది నవ్వుకునే జ్ఞాపకంగా మిగిలింది. కాని చేతబడి నెపంతో మనుషులను కొట్టడం, పళ్లు రాలగొట్టడం, తగలబెట్టడం మన తెలుగు నేల మీద జరిగాయి. దేశంలో హత్యలకు కారణాలు లెక్కకట్టే నేర రికార్డుల సంస్థ పట్టికలో మంత్రవిద్య అనుమానానికి ఇప్పటికీ ఒక వరుస ఉంది. ఆ వరుసలోకి ఎక్కేవారు ఎక్కువగా దిక్కులేనివారు, ఒంటరివారు, మజ్జిగ అమ్ముకునే అవ్వలాంటివారు.

ఇది రాసే హక్కు నాకు పూర్తిగా ఉన్నదని చెప్పను. విలేకరిగా కొత్తలో నేనూ 'దయ్యం భయంతో వణుకుతున్న పల్లె' అని ఒక వార్త పంపాను. ఎవరినీ నిలదీసి అడగలేదు. విన్నది విన్నట్లు రాశాను. వార్త బాగా వచ్చిందని మిత్రులు భుజం తట్టారు. పది రోజులకు ఆ పల్లెలో ఒక కుటుంబం, ఊరి చూపులు భరించలేక, ఇల్లు తాళం పెట్టి వలస పోయింది. ఆ వార్త చించిన కాగితం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అందుకే ఈసారి రాసేముందు హాస్టలుకు వెళ్లాను.

చేయవలసింది ఏమిటి?

1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు ప్రసారం చేయరాదు. కేబుల్ చట్టం కింద చర్య తీసుకునే అధికారులలో జిల్లా కలెక్టరు ఒకరు. అలాంటి ప్రసారం కనబడితే తేదీ, సమయం, చానలు పేరు రాసి కాగితం మీద ఫిర్యాదు ఇవ్వవచ్చు. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో మన రాజ్యాంగంలోనే చేర్చారు. ఫోను నుంచి ఫోనుకు తిరిగే వీడియోలకు మాత్రం కేబుల్ నిబంధన అడ్డుకట్ట కాదు. అక్కడ మన వివేకమే కాపలా.

ఆ కాపలాకు పెద్ద చదువు అక్కర్లేదు. దయ్యం వీడియో ఎవరు చూపినా మూడు ప్రశ్నలు వేయండి. దయ్యం లేని ఇంట్లో ఇదే పరికరం పెట్టి చూశారా? కత్తిరించక ముందు మొత్తం వీడియో ఉందా? దీనివల్ల ఊళ్లో ఎవరి మీద అనుమానం పడుతుంది? మొదటి రెండింటికీ జవాబు లేకుండా మూడోదానికి ఒక పేరు వస్తే, ఆ వీడియోను ముందుకు పంపకండి.

ఆ కుర్రాళ్లిద్దరూ పాత వీడియో తీసివేసి, స్టార్టరు వేస్తూ ఆపుతూ మీటరు వెలిగించిన కొత్త వీడియో పెట్టారు. వారిని అభినందించాలి. మొదటిదాన్ని చూసినంతమంది రెండోదాన్ని చూడలేదన్నది వేరే సంగతి.

మొన్న వెళ్లినప్పుడు అవ్వ గుమ్మంలో కూర్చొని ఉంది. "నేనెవరికి ఏం చేశాను నాయనా?" అని అడిగింది. మాస్టారి ఇంటి నుంచి, ఎలక్ట్రీషియన్ ఇంటి నుంచి చెంబులు వస్తున్నాయట. మిగిలిన ఇళ్ల నుంచి ఇంకా రావడం లేదు. ఆ ఊరి పెద్దలకు, ఆడపడుచులకు ఈ విలేకరి చేసే మనవి ఒక్కటే. దయ్యం సంగతి తర్వాత తేల్చుకుందాం. రేపు పొద్దున్న పిల్లవాడి చేతికి చెంబు ఇచ్చి పంపండి.